పక్కనుంచి వచ్చిన నీళ్ళు

మొన్నటి వానలకి మా ఇంటి కింది గదిలోకి మోకాటి లోతు నీళ్ళొచ్చి, రెండు రోజులుండి, వాటంతటవే పోయాయి. ఇంటికి ఇన్సూరెన్సు ఉందని మా అబ్బాయికి గుర్తొచ్చి ఫోన్ చేస్తే ఒక కుర్రాడు మోటారు సైకిలు మీద వచ్చాడు. చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి ఫోనుతో నాలుగు ఫొటోలు తీసుకుని, ఐదో నిమిషంలో హెల్మెట్ పెట్టుకున్నాడు. గోడ మీద నీటిచార ఎంత ఎత్తుందో కొలవవా బాబూ అన్నాను. ఫొటోలో పడిందండి అన్నాడు. పోనీ తడి రుచన్నా చూడవా అన్నాను. వాడు నావైపు కాకుండా మా కోడలి వైపు జాలిగా చూశాడు.

వాడి తప్పేం లేదు. తడి రుచి చూసి రిపోర్టు రాసే మనుషులుండేవారని వాడికి ఎవరు చెప్పారు గనక? నేనూ అలాంటివాళ్ళని పదిమందిని చూడలేదు, ఒక్కరినే చూశాను. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయిన సంగతి కూడా నాకు ఏడాది ఆలస్యంగా, బస్సులో పక్కసీటాయన చెబితే తెలిసింది. ఆ రోజంతా నాకు ఏ పనీ చెయ్యబుద్ధి కాలేదు.

అప్పట్లో నేను నందిగామలో ఒక ఇన్సూరెన్సు కంపెనీకి ఏజెంటుని. ఆఫీసంటే సైకిల్ షాపు పక్కన ఒక అరుగు, ఒక బల్ల, కంపెనీ వాళ్ళు పంపిన క్యాలెండరు. అటు జగ్గయ్యపేట నుంచి ఇటు చందర్లపాడు దాకా ఎవరి కొట్లో సరుకు కనిపించినా లోపలికి వెళ్ళి కూర్చుని, నిప్పు గురించి భయపెట్టి ఫైర్ పాలసీ అంటగట్టేవాణ్ణి. దానికి తోకగా వరద కూడా రాయించేవాణ్ణి. చిత్రమేమిటంటే నా పాలసీదార్లలో ఒక్కరి కొట్టూ తగలబడలేదు. అందరికీ నీళ్ళే. నీళ్ళొచ్చాయని కబురు రాగానే నేను కంపెనీకి రాయడం, నష్టం ఎంతో తేల్చమని కంపెనీ బెజవాడలో ఉన్న, నేను చెబుతున్న ఈ సర్వేయరు గారికి రాయడం, ఆయన పొద్దున బస్సుకి దిగడం.

ఆయన సన్నగా, పొడుగ్గా, కొంచెం ముందుకి వంగి ఉండేవారు. తెల్ల పంచె, మెడదాకా గుండీలున్న నల్లకోటు, ఒక చేతిలో మరచెంబు, చంకలో గొడుగు. గొడుగు వానకోసం కాదు. దాని కర్ర మీద అంగుళాల గుర్తులు కోసుకుని, గోడ మీద చార ఎంత ఎత్తుందో దాంతోనే కొలిచేవారు. నిజంగా వానొస్తే దాన్ని విప్పకుండా తడుస్తూనే నడిచేవారు. కొలిచే వస్తువుని తడిపితే ఉబ్బుతుందట. బెజవాడలో బస్సెక్కగానే నిద్రపోయేవారనీ, కీసర దగ్గర మున్నేరు దాటేటప్పుడు మాత్రం ఎవరూ లేపకుండానే లేచి, ఏరు ఎంతుందో చిన్న పుస్తకంలో రాసుకుని మళ్ళీ నిద్రపోయేవారనీ కండక్టర్లు చెప్పుకునేవారు. ఒకసారి పక్కన కూర్చుని నేనూ చూశాను. వాళ్ళు చెప్పిందాంట్లో పొల్లు లేదు.

అందరినీ 'అండి' అనేవారు. కొట్టు యజమానినీ, బస్తాలు మోసే కూలీనీ ఒకలాగే. ఒకసారి గోడౌనులో బస్తా మీద పడుకున్న పిల్లిని కూడా 'కాస్త తప్పుకోండి' అన్నారు. అది తప్పుకుంది.

వచ్చీ రాగానే అడిగే మాట ఒక్కటే: నీళ్ళు ఎటునుంచి వచ్చాయండీ? దానికి జవాబు మూడు రకాలుగానే ఉంటుందని ఆయన నాకు మొదటి పరిచయంలోనే పాఠం చెప్పారు. "పైనుంచి కారితే అది మీ కప్పు తప్పండి. కిందనుంచి ఊరితే మీ పునాది తప్పు. పక్కనుంచి వస్తేనే మా తప్పు." పాలసీలో నాలుగు పేజీల ఇంగ్లీషులో ఉన్నది ఇంతే. నేను ఆ నాలుగు పేజీలూ ఎప్పుడూ చదవలేదు కాబట్టి ఈ మూడు ముక్కలతోనే చాలాకాలం బతికాను.

క్లెయిము ఉన్న ఇంట్లో ఆయన పచ్చి మంచినీళ్ళు ముట్టేవారు కారు. కాఫీ ఇచ్చినా, మజ్జిగ ఇచ్చినా, వెండిగ్లాసులో ఇచ్చినా నమస్కారం పెట్టి, తన మరచెంబు మూత తిప్పి రెండు గుక్కలు తాగేవారు. రిపోర్టు మీద సంతకం పడేదాకా అంతే. ఈ సంగతి తెలియక జనం రకరకాలుగా అనుకునేవారు. కొందరు మడి అనుకున్నారు, కొందరు కడుపులో జబ్బు అనుకున్నారు, జగ్గయ్యపేటలో ఒకాయన మాత్రం ఇంకా ఎక్కువ కావాలేమో అనుకుని కవరు తెచ్చాడు.

ఆ కవరు తెచ్చిన షావుకారు కథే ముందు చెప్పాలి. పాలేరు పొంగిన ఏడాది. నీళ్ళు వాళ్ళ వీధి మొదటిదాకా వచ్చి, మనసు మార్చుకుని వెనక్కి పోయాయి. ఈయన గోడౌనులో మాత్రం పాత కందుల బస్తాలన్నీ నిండా తడిసి ఉన్నాయి. పురుగు పట్టి రెండేళ్ళుగా అమ్ముడుపోని కందులని ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు. సర్వేయరు గారు గొడుగుతో ఏదీ కొలవలేదు. ఒక బస్తా గోనె నుంచి పీచు ఒకటి లాగి, నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకున్నారు. గోడౌనులో ఉన్న పదిమందీ ఊపిరి బిగబట్టారు. ఎంతసేపటికో కళ్ళు తెరిచి, పాలేరు నీళ్ళు ఇంత ఉప్పగా ఎప్పుడయ్యాయండీ అని అడిగారు. షావుకారు దొడ్లో బావి ఉప్పుబావి. గేదెలు కూడా అందులో నీళ్ళు మొహం తిప్పుకుని తాగేవి. షావుకారు తడబడకుండా, బస్తాలు మోసిన కూలీల చెమట అయ్యుంటుందన్నాడు. అంత చెమట పట్టేలా చేయించుకుంటే వాళ్ళకి కూలి పెంచాలండి అని, ఆయన రిపోర్టు రాసుకున్నారు. కవరు బల్ల మీదే ఉండిపోయింది.

షావుకారు నాతో మాట్లాడటం మానేశాడు. ఆ వీధిలో నాలుగు పాలసీలు పోయాయి. తిరిగొచ్చేటప్పుడు బస్సులో నేను కాస్త కోపంగానే, ఏజెంటన్నవాడు కూడా బతకాలి గదా సార్, ఒక కన్ను మూసుకోకూడదా అన్నాను. ఆయన నిద్రకి సిద్ధమవుతూ, "రెండు కళ్ళూ మూసుకునే చూశాగదండీ" అన్నారు.

అందుకే మా టీచరుగారి కొట్లోకి నీళ్ళొచ్చినప్పుడు నేను ఏమాత్రం భయపడలేదు. ఆవిడది నిజం క్లెయిము. నిజానికి ఈయన్ని మించిన సర్వేయరు ఎక్కడుంటాడు అనుకున్నాను.

ఆవిడ మిషను బడిలో ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నాలుగో తరగతి నేను ఆవిడ దగ్గరే చదివాను. పెళ్ళి చేసుకోలేదు. రిటైరయ్యాక బడి ఎదురు సందులో, తన పెంకుటింటి ముందుగదిలోనే పుస్తకాల షాపు పెట్టుకున్నారు. పాలసీ తీసుకోమని వెళితే, చిన్నప్పుడు ఏ లెక్కా చివరిదాకా చేసేవాడివి కావు, ఇదన్నా పూర్తిచెయ్యి అని, నా ముందే ఆ నాలుగు పేజీల ఇంగ్లీషూ చదివి సంతకం పెట్టారు. నా పాలసీదార్లలో అది చదివింది ఆవిడొక్కరే.

బళ్ళు తెరవడానికి మూడు వారాలుందనగా ఒక తెల్లవారుజామున కుండపోతగా కురిసి, సందు వెనక వాగు పొంగింది. నీళ్ళు ఆవిడ ముందుగదిలోకి వచ్చి, గంటసేపు నిలబడి, వచ్చిన దారినే వెళ్ళిపోయాయి. పై అరల్లో పుస్తకాలకి ఏమీ కాలేదు. కింది అర మొత్తం నానిపోయింది. కింది అరంటే ఒకటో తరగతి, రెండో తరగతి పుస్తకాలు. చిన్నపిల్లలకి చెయ్యి అందాలని ఆవిడ వాటిని కింద పెట్టారు. కొట్టు నడిచేది వాటిమీదే. సరుకంతా బెజవాడ నుంచి అరువు మీద తెచ్చింది. పాత బాకీ తేలితే తప్ప వ్యాపారి కొత్తది పంపడు, బళ్ళు తెరిచేనాటికి పుస్తకాలు లేకపోతే ఇక ఆ కొట్టు లేదు. వీరులపాడులో ఉన్న అన్నగారు అప్పుడే కబురు పంపారు, తలుపు తాళం వేసి వచ్చెయ్యమని. ఆ మాట చెప్పి ఆవిడ, "మా అన్నయ్య మంచివాడేరా. వదినా మంచిదే. కూర్చోబెట్టి అన్నం పెడతారు. నా భయం అదే" అన్నారు.

మీరేం కంగారు పడకండి, నేను చూసుకుంటా అని చెప్పి వచ్చి, కంపెనీకి రాశాను. సర్వేయరు గారు వచ్చే రోజు తెలియగానే ఆవిడకి ఒక కార్డు ముక్క పంపాను: ఫలానా రోజున ఆఫీసరు గారు వస్తున్నారు, అంతా సిద్ధంగా ఉంచండి. నా ఉద్దేశంలో అంతా అంటే బిల్లులు, తడిసిన పుస్తకాల జాబితా. అయితే ఆవిడ ముప్ఫై ఏళ్ళు బడిలో పనిచేసిన మనిషి. ఆఫీసరు వస్తున్నాడు, సిద్ధంగా ఉంచండి అంటే ఆవిడకి ఈ లోకంలో ఒకే ఒక అర్థం ఉంది. అది ఇన్‌స్పెక్షను.

ఆ రోజు సర్వేయరు గారిని వెంటబెట్టుకుని సందు మలుపు తిరిగాను. వాకిలంతా పేడనీళ్ళు చల్లి అలికి ఉంది. గుమ్మానికి రంగుకాగితాల తోరణం. గోడలు లోపలా బయటా సున్నం కొట్టుకుని పెళ్ళికొడుకు బట్టల్లా మెరిసిపోతున్నాయి. కప్పు నేయించారు, సగం పెంకులు కొత్తవి. గుమ్మం పక్కన ఆవిడ పాత విద్యార్థులు నలుగురు వరసగా నిలబడి, నమస్కారమండీ అని ఒక్క గొంతుతో అన్నారు. లోపల కుట్టుపని చేసిన గుడ్డ కప్పిన కుర్చీ, బల్ల మీద గ్లాసులో గులాబీలు, అట్ట వేసిన స్టాకు రిజిస్టరు. అరల్లో పుస్తకాలు బారులు తీరి ఉన్నాయి. తడిసినవాటిని ఆవిడ పారేయలేదు, కుప్పగానూ ఉంచలేదు. చాకలి ఇస్త్రీపెట్టె తెప్పించి, ఒక్కో కాగితం మీద పాత చీరముక్క పరిచి, నాలుగు రోజులపాటు ఇస్త్రీ చేయించారు.

సర్వేయరు గారు గొడుగు గోడకి ఆనించి, పైకీ కిందికీ చూశారు. చార లేదు. బురద లేదు. సున్నం వాసన తప్ప వాసన లేదు. నావైపు వంగి మెల్లగా, మనం సరైన ఇంటికే వచ్చామాండీ అని అడిగారు.

టీచరుగారు గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చారు. ఆయన నమస్కారం పెట్టి, మరచెంబు మూత తిప్పారు. ఆవిడ మొహం ఒక్కసారి బిగుసుకుంది. నేను చటుక్కున, ఆయన షావుకార్ల ఇళ్ళల్లోనూ తాగరండీ, అది ఆయన నియమం అన్నాను. ఆవిడ గ్లాసు బల్ల మీద పెట్టి, "నాకు తెలుసులే నాయనా. ఎవరికి వాళ్ళకి ఏదో ఒక నియమం ఉంటుంది" అన్నారు. ఆవిడ ఆ మాట అన్న తీరుకి నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. కిరస్తానీ టీచరమ్మ ఇంట్లో నీళ్ళు తాగని ఆఫీసర్లు ఆ ముప్ఫై ఏళ్ళలో ఎంతమంది వచ్చి వెళ్ళారో నాకూ కొంత తెలుసు.

ఆయనకి ఇదంతా అర్థమైందో లేదో గానీ, తన పనిలో పడ్డారు. కప్పు ఎందుకు నేయించారని అడిగారు. మీరొస్తున్నారని, అన్నారావిడ. సున్నం? మీరొస్తున్నారనే. కారుతోందని కాదుగదా అని ఆయన మళ్ళీ అడిగారు. కారేది కాదండీ, పెంకులు మాసిపోయాయి, చూడ్డానికి బాగుండవని మార్పించాను అన్నారావిడ. ఆయన చిన్న పుస్తకంలో రాసుకున్నారు. నీళ్ళు వచ్చి పది రోజులు తిరక్కుండా కొత్త పెంకులు వేసిన ఇల్లు, చార కనపడకుండా సున్నం కొట్టిన గోడలు. పైనుంచి కారిందని, దాన్ని దాచిపెట్టారని రాయడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి? ఆవిడ మాత్రం ఇన్‌స్పెక్షను బాగా జరుగుతోందన్న ధీమాతో నా కార్డు తీసి, మీ ఏజెంటు గారు రాశారు అని గర్వంగా చూపించారు.

ఆయన దాన్ని రెండుసార్లు చదివి నావైపు చూశారు. సార్, తప్పు నాది, ఆవిడకి ఏమీ తెలియదు అన్నాను.

"తప్పెవరిదో చివర్లో రాద్దామండి. ముందు నీళ్ళు ఎటునుంచి వచ్చాయో చూడనివ్వండి."

ఒక ఒకటో తరగతి పుస్తకం తీసి, తెరిచి, కాగితం అంచు నాలిక దగ్గరికి తీసుకెళ్ళారు. టీచరుగారు ఉన్నట్టుండి గొంతు పెంచి, "పుస్తకం నోట్లో పెట్టకూడదండీ" అన్నారు. గుమ్మం దగ్గరి నలుగురు పిల్లలూ చేతులు కట్టుకున్నారు. నేనూ కట్టుకున్నాను. ఆయన టక్కున పుస్తకం దించి, తప్పయిందండి అన్నారు. ఆయన చేత ఆ మాట అనిపించిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఇక నాలిక పనికిరాదు, గొడుగు పనికిరాదు. ఆయన కాసేపు ఆ పేజీనే చూస్తూ నిలబడ్డారు. తర్వాత ఇంకో పుస్తకం తీశారు, ఇంకోటి తీశారు. వీటిని అరలో పడుకోబెట్టేవారా, నిలబెట్టేవారా అని అడిగారు. నిలబెట్టే, కుట్టువైపు బయటికి ఉండేలా, అన్నారావిడ. ఆయన కోటు విప్పి కుర్చీకి తగిలించి, నేల మీద కూర్చున్నారు. ఇస్త్రీ చేసిన పుస్తకాలన్నీ తెప్పించుకుని, కింది అరలో ఈ చివర నుంచి ఆ చివరికి ఒకటొకటే నిలబెట్టి, అన్నింటినీ మధ్యకి తెరిచారు. అప్పుడు కనపడింది. ప్రతి పుస్తకంలోనూ అడుగు నుంచి నాలుగు వేళ్ళ ఎత్తున ఒక ఎర్రటి గీత, దాని కింద కాగితమంతా మట్టిరంగు. ఇస్త్రీ వేడికి అది పోకపోగా ఇంకా గట్టిగా కాలి అంటుకుంది. పొడుగు పుస్తకమైనా పొట్టి పుస్తకమైనా అదే ఎత్తు, స్కేలు పెట్టి గీసినట్టు గోడ నుంచి గోడ దాకా ఒక్కటే గీత. కుట్టు దగ్గర వేలితో రుద్దితే మెత్తటి ఒండ్రుమట్టి రాలింది. పైనుంచి కారితే ఎక్కడ పడితే అక్కడ మచ్చలుంటాయండి, కిందనుంచి ఊరితే ఒండ్రు రాదు, ఇది వాగే, పక్కనుంచే వచ్చింది అన్నారు. చెబుతున్నది మాకు కాదు, ఆ పుస్తకాలకే చెబుతున్నట్టుంది.

నాకు ఊపిరొచ్చింది. అది ఎక్కువసేపు నిలవలేదు. ఆయన ఒక పుస్తకం చేతిలోకి తీసుకుని మొదటి పాఠం పైనుంచి కిందిదాకా చదివారు. ఒక్క అక్షరం చెరిగిపోలేదు. అంత చక్కగా ఆరబెట్టించారు ఆవిడ. చదవడానికి వీలున్న పుస్తకానికి ధర ఉంటుంది. ధర ఉంటే ఆ మేరకి కంపెనీ ఇచ్చేది తగ్గుతుంది, తగ్గితే బెజవాడ వ్యాపారి బాకీ తీరదు. ఆవిడ అంత శ్రద్ధగా చేయించిన ఇస్త్రీయే ఆవిడ కొట్టు మూయించేలా ఉంది.

ఈ పుస్తకం ఎంతకి అమ్ముతారండీ అని ఆయన అడిగారు. అమ్మను, అన్నారావిడ. సగం ధరకి? అమ్మనండీ. పావలాకి?

"మరకపడ్డ పుస్తకం పిల్లకాయ చేతిలో పెట్టి డబ్బులెలా తీసుకుంటానండీ? ఊరికే ఇస్తా. అమ్మను."

ఎక్కువ రాబట్టడానికే ఇలా అంటున్నారని ఆయన అనుకోకుండా, సగం ధరకి అమ్ముతాననండి అని ఆవిడకి సైగ చెయ్యాలా, చెయ్యకూడదా నాకు తెలియలేదు. ఏ సైగ ఆవిడకి మేలో కూడా తెలియలేదు. ఆయన ఆవిడ మొహంలోకి చాలాసేపు చూశారు, జగ్గయ్యపేటలో గోనెపీచు నోట్లో పెట్టుకున్నప్పటిలాగే, ఈసారి కళ్ళు తెరిచి. తర్వాత బల్ల దగ్గర కూర్చుని రాశారు. కారణం, వాగు వరద. శుభ్రం చేయించింది, ఏజెంటు సూచన మీద. తడిసిన సరుకుకి మిగిలిన విలువ, లేదు. సంతకం పెట్టి, కలం మూసి, ఆవిడ వైపు తిరిగి, రిపోర్టు అయిపోయిందండి, ఇప్పుడు మంచినీళ్ళు ఇప్పించండి అన్నారు. బల్ల మీదున్న గ్లాసు తాగి, ఇంకోటి అడిగి తాగారు. ఆవిడ మూడో గ్లాసు కూడా తెచ్చి పెట్టారు. అదీ తాగారు పాపం.

బస్సు దగ్గర నేను ఉండబట్టలేక, ఇంకొకరైతే సగానికి అమ్ముకునేవాళ్ళుగదా సార్, విలువ లేదని ఎలా రాశారు అన్నాను. సరుకు ఎవరి కొట్లో ఉందో ఆ కొట్టు ధరే కట్టాలండి, ఆ కొట్లో అవి అమ్ముడుపోవు అన్నారు. కంపెనీ రెండు ఉత్తరాలు రాసింది, ఆయన రెండింటికీ ఇదే జవాబు రాశారు. నాకు మాత్రం ఏజెంట్లు కార్డులు జాగ్రత్తగా రాయాలని ఒక మందలింపు వచ్చింది. రిపోర్టు నకలు చూపిస్తే బెజవాడ వ్యాపారి కొత్త సరుకు పంపాడు, బళ్ళు తెరిచే ముందురోజు టీచరుగారు కొట్టు తెరిచారు. ఇస్త్రీ పుస్తకాలన్నీ కట్టలు కట్టి, కూలికి పోయేవాళ్ళ పిల్లలకి ఊరికే పంచిపెట్టారు.

మరుసటి ఏడు చందర్లపాడు వైపు ఒక పత్తి గోడౌను చూసి, నేనూ ఆయనా రోడ్డు మీదికి నడిచి వస్తున్నాం. దారిలో చిన్న వంతెన గోడ మీద ఒక పిల్ల కూర్చుని, కింద మేస్తున్న గేదెల మీద ఒక కన్నేసి పుస్తకం చదువుతోంది. ఆయన ఆగిపోయారు. పేజీ అడుగున నాలుగు వేళ్ళ ఎత్తున ఎర్రగీత. దగ్గరికి వెళ్ళి, ఏం చదువుతున్నారండీ అని అడిగారు. తనని ఎవరైనా అండీ అనడం అదే మొదటిసారి అనుకుంటాను, ఆ పిల్ల సిగ్గుపడి నవ్వి, వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. పైన గబగబా చదివింది. గీత కిందికి వచ్చాక పేజీని మొహం దగ్గరికి తెచ్చుకుని, కూడబలుక్కుంటూ, ఆ ఆఖరి రెండు వాక్యాలూ విడిచిపెట్టకుండా చదివింది. పాఠం పూర్తయ్యేదాకా ఆయన ఎండలో అలాగే నిలబడ్డారు.

తర్వాత రోడ్డెక్కాం. బస్సు కనపడుతుండగా నాతో, "నా చేత్తో ఒక్క రిపోర్టు తప్పు రాశానండి" అన్నారు. ఏది సార్ అన్నాను.

"టీచరుగారిది. ఆ పుస్తకాలకి విలువ లేదని సంతకం పెట్టాను." బస్సు వచ్చి ఆగింది. మెట్టు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి, "ఈ సంగతి కంపెనీకి మాత్రం రాయకండి" అన్నారు.